బాగుంది అనకూడని ఇల్లు

మార్చి 15, శనివారం

మా అమ్మాయికి నటన మూణ్ణాళ్ళ ముచ్చటయింది. "బోర్ మమ్మీ, అద్దం ముందు నిలబెట్టి ఏడవమంటారు, నాకేమో నవ్వొస్తుంది" అని చెప్పి, సాయి ప్రియ బ్యాంకు పరీక్షల కోచింగ్ అంటూ విజయవాడ హాస్టల్‌కి చెక్కేసింది. యాక్టింగ్ స్కూల్లో చేర్చేదాకా అన్నం మానేసి వాళ్ళ నాన్న ప్రాణం తీసింది ఇదేనా అని! మధ్యలో నేను బలి. ఆడపిల్లని ఒక్కదాన్నే ఎలా పంపుతామని నన్ను తోడు తోలారు. ఇన్నాళ్ళూ ప్రతి మంగళవారం, శనివారం బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగడం, టైర్ల షాపు పక్క మెట్లెక్కడం, వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరి ఏడుపులూ చూడటం. పీడా వదిలింది. ఇక మధ్యాహ్నాలు హాయిగా నడుం వాల్చొచ్చు.

వీరరాఘవయ్య మాస్టారికి అమ్మాయి ఇక రాదని ఒక మాట చెప్పాలి. ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఆయన పెద్దమనిషి, హైదరాబాదులో ఏళ్ళ తరబడి సీరియళ్ళలో తండ్రి వేషాలు వేసి వచ్చి ఇక్కడ స్కూలు పెట్టుకున్నాయన. ఫోన్లో చెబితే మర్యాదగా ఉండదు. మంగళవారం స్వయంగా వెళ్ళి చెప్పి వస్తాను.

డైరీ రాయమని పిల్లలందరికీ చెప్పింది కూడా ఆయనే. ఆ రోజు మనసుకి ఏం తోచిందో రాసుకుంటే నటనకి పనికొస్తుందట. సాయి ప్రియ కొన్న డైరీ ఖాళీగా పడి ఉంది. పారేయడం ఎందుకని రాస్తున్నాను. అంతే.

మార్చి 18, మంగళవారం

వెళ్ళాను. చెప్పడం కుదరలేదు.

నేను వెళ్ళేసరికే సీను మొదలైంది. బైకుల షోరూంలో పనిచేసే రమేష్‌ది కొడుకు వేషం. చదువు మధ్యలో మానేసి ఇంటికొస్తాడు, తల్లి తిడుతుంది. తల్లి వేషం వేసే ప్రియాంక రాలేదు. "అమ్మా, మీరు కాస్త వచ్చి ఆ కాగితం చదివిపెట్టండి" అన్నారు మాస్టారు. చదవడమే కదా అని లేచాను.

"చెప్పకుండా మానేస్తావా? నీకోసం ఎండనకా వాననకా తిరిగినవాళ్ళు నీ కంటికి మనుషుల్లా కనపడలేదా?" అని ఉంది కాగితంలో. ఆ ముక్క చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం పక్కన పెట్టి మిగతాదంతా సొంతంగా తిట్టాను. కింద రోడ్డు మీద లారీవాడు హారన్ కొడుతుంటే, దాని మీద గొంతు లేపి మరీ తిట్టాను. రమేష్ వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకున్నాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోసారి చెప్పండమ్మా" అన్నారు.

గొంతు పోయేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించారు. ఆ గొడవలో అమ్మాయి మానేసిన సంగతి చెప్పనేలేదు. శనివారం చెబుతాను.

మార్చి 22, శనివారం

"పిల్ల ఊళ్ళో లేదుగా, మళ్ళీ జంక్షన్‌కి ఎందుకే?" అని మా అత్తయ్య అడిగింది. ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు మొక్కుకున్నానని చెప్పాను. నోట్లోంచి అలా వచ్చేసింది. మంగళవారం, శనివారం స్వామికి ఇష్టమైన రోజులే కాబట్టి ఆవిడకి అనుమానం రాలేదు. "మంచిదే, మన మామిడితోట పేరున కూడా ఒకటి తిరుగు" అంది. అబద్ధం కాకూడదని ముందు గుడికి వెళ్ళి, తోట పేరున కూడా తిరిగి, ఆ తర్వాతే మెట్లెక్కాను.

మాస్టారికి సంగతి చెప్పేశాను. "అమ్మాయి సంగతి సరే, మీరెప్పుడు చేరుతున్నారు?" అన్నారు. బాగానే ఉంది వరస! ఈ వయసులో నేను యాక్టింగ్ చేయడమంటే పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంటుంది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ప్రియాంక మంగళవారం కూడా రాదట. నేను వెళ్ళకపోతే పాపం రమేష్ సీను ఆగిపోతుంది. వాడి కోసం వెళ్ళాలి.

మార్చి 25, మంగళవారం

ఇవాళ ఏడుపు సీను. గ్లిజరిన్ అక్కర్లేకుండా ఏడ్చాను. నేను ఏడుస్తుంటే వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు. లోపల్లోపల గర్వంగానే అనిపించింది.

తర్వాత సంతోషం సీను. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని తెలిసి తల్లి పొంగిపోవాలి. "వచ్చిందా! నాకు తెలుసురా, నువ్వు సాధిస్తావని నాకు ముందే తెలుసు!" ఇంతే డైలాగ్. అన్నాను. మాస్టారు ఆపేశారు.

"అమ్మా, ఉద్యోగం వచ్చిందండీ. పోలేదు" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు.

మళ్ళీ చేశాను. మళ్ళీ ఆపారు. ఏడవమంటే ఏడుస్తాను, తిట్టమంటే సరేసరి. సంతోషపడమంటే మాత్రం మొహం బిగుసుకుపోతోంది. అద్దంలో చూసుకుంటే నాకే భయమేసింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిన తల్లిలా లేను, ఇంటికి జప్తువాళ్ళు వచ్చిన మనిషిలా ఉన్నాను.

మార్చి 29, శనివారం

రమేష్‌కి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. నాకు మళ్ళీ సంతోషం రాలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

మామిడికాయల వ్యాపారి ఆంజనేయులు తోట చూడటానికి వచ్చాడు. ఏటా మా కాయ కొనేది అతనే. మధ్యాహ్నం దాకా కదల్లేదు, నా క్లాసు పోయింది.

మా ఆయన బసవపున్నారావు గారి నటన చూడాలి! పొద్దున కాఫీ తాగుతూ చెట్ల వంక చూసి మీసం కింద నవ్వుకున్న మనిషి, ఆంజనేయులు బండి ఆగగానే అయినవాళ్ళు పోయినట్టు మొహం పెట్టేశారు. "ఏం కాపయ్యా, పూతంతా మంచుకి మాడిపోయింది. మిగిలింది పురుగు తినేసింది" అన్నారు. "అవునండీ, ఈ ఏడు ఎక్కడా బాలేదు" అన్నాడు ఆంజనేయులు. వాడి లాభం వాడిది. కొమ్మలు కాయ బరువుకి కిందికి వాలి ఉంటే, తల తగలకుండా వంగి వంగి నడుస్తూ, కాయే లేదని ఇద్దరూ ఏడుపు!

ఈ చుట్టుపక్కల ఏ తోట రైతుని అడిగినా ఇంతే. బాగుందంటే బేరం పోతుంది, పైగా దిష్టి తగులుతుంది. మా అత్తయ్య బసవమ్మ గారు ఇంకో మెట్టు పైన. తోటకే కాదు, కూరకీ గేదెకీ పిల్లకీ దేనికీ ఆ మాట అననివ్వదు. సాయి ప్రియ పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన రోజు, "ముందు వీధి తలుపెయ్యండి" అంది. ఎవరడిగినా "ఏదో గట్టెక్కింది" అని చెప్పాం. నేనూ అలాగే చెప్పాను. తర్వాత గేదెల పాక వెనక్కి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, ఎవరికీ వినపడకుండా నవ్వుకున్నాను.

ఆ రోజు నేను ఇంట్లోకి వచ్చేసరికి పిల్ల మంచం మీద బోర్లా పడుకుని ఉంది. "నేను గట్టెక్కానా మమ్మీ?" అని అడిగింది.

ఏం చెప్పానో గుర్తు లేదు.

ఏప్రిల్ 5, శనివారం

మాస్టారికి మా ఇంటి సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఇన్నేళ్ళు మూసి ఉంచిన తలుపమ్మా అది, డైలాగ్‌తో తెరుచుకోదు" అన్నారు. "రోజూ ఒక మంచిమాట పైకి అనండి. నిజమైన మాట అయి ఉండాలి. గట్టిగా అనాలి. మీ చెవికి మీ గొంతు వినపడాలి."

అదేమంత పెద్ద పని?

ఏప్రిల్ 8, మంగళవారం

పెద్ద పనే.

ఆదివారం గుత్తి వంకాయ చేశాను. అందరూ తింటుండగా ధైర్యం తెచ్చుకుని, "కూర బాగా కుదిరింది" అన్నాను. ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపి నా వంక చూశారు. "ఉప్పెక్కువైందేమో చూడరా, ముందే సర్దుకుంటంది" అంది అత్తయ్య.

నిన్న సాయి ప్రియకి ఫోన్ చేశాను. మాటల మధ్యలో, "నువ్వు చాలా తెలివైనదానివే" అన్నాను. "మమ్మీ, ఒంట్లో బాలేదా? నాన్నకివ్వు ఫోన్" అంది. ఇచ్చాను. కాసేపటికి తనే మళ్ళీ చేసింది. ఏం లేదు ఊరికే అంది. ఏం తిన్నావంది. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుందంది. పెట్టేయబోయి, మళ్ళీ ఇంకేదో చెప్పింది. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే పిల్ల.

క్లాసులో సంతోషం కొంచెం కదిలిందన్నారు మాస్టారు. నా పెదాలు కదిలాయట. కళ్ళు ఇంకా రాలేదట.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ చేయకూడని పని చేశాను. చేశాక ఎంత హాయిగా ఉందో, ఆ తర్వాత అంత భయంగా ఉంది.

తోటలో ఎవరూ లేరు. నడిమి వరసలో పెద్ద బంగినపల్లి చెట్టు కింద నిలబడ్డాను. కాయలు ముఖానికి తగులుతున్నాయి. ఇంత నిజం కళ్ళెదుట పెట్టుకుని కూర గురించీ చారు గురించీ అనడమేంటి అనిపించింది. "కాపు బాగుంది" అన్నాను. మొదటిసారి నా చెవికే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "ఈ ఏడు కాపు చాలా బాగుంది! నేను కాపురానికి వచ్చాక ఇలాంటి కాపు చూళ్ళేదు!" అని అరిచాను. పైన కొమ్మల్లో పిట్టలు లేచిపోయాయి. నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వాను.

వెనక్కి తిరిగితే అత్తయ్య. నీళ్ళ పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడానికి వచ్చిందట.

"ఏం కూశావే?"

"ఊరికే అత్తయ్యా."

"పచ్చని చెట్టు కింద నిలబడి అనే మాటేనా అది? కాయ కొయ్యలా, బేరం తెగలా. ఎండిన చెట్టుకి ఎవరే దిష్టి పెట్టేది? కాసినదానికే తగిలిద్ది. బంగారం లాంటి తోట మీద నీ నోరు పెట్టావు కదే!"

థూ థూ అని నేల మీద ఉమ్మి, పుల్లలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 20, ఆదివారం

మూడింటికి మబ్బు కమ్మింది. చూస్తుండగానే ఈదురుగాలి, వెనకే వడగళ్ళు. కాయలు రాలుతుంటే రేకుల కప్పు మీద రాళ్ళు పడ్డట్టు చప్పుడు. ఆయన కండువా నెత్తిన వేసుకుని తోటలోకి పరిగెత్తారు. వెళ్ళి చేసేదేముంది? ఒక చెట్టు మొదలు పట్టుకుని నిలబడిపోయారు.

అత్తయ్య గాలి వంక చూడలేదు. గాలి ఆగేదాకా నా వంకే చూస్తూ కూర్చుంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 21, సోమవారం

రాలిన కాయ ఏరాం. పగిలిన కాయ, దెబ్బ తగిలిన కాయ. ఏది పట్టుకున్నా నేనన్న మాటే చేతికి తగులుతున్నట్టుంది. "చెట్టుకి ఇంకా సగం పైన ఉందిలే" అన్నారు ఆయన. ఎవరితో అన్నారో.

ఏప్రిల్ 26, శనివారం

వెళ్ళలేదు. మాస్టారు ఫోన్ చేశారు. మే పదిన హైదరాబాదు నుంచి సీరియల్ వాళ్ళు స్కూలుకి వస్తున్నారట. హీరోయిన్ పెద్దమ్మ వేషానికి మన వైపు యాస సహజంగా మాట్లాడే మనిషి కావాలట. "మీకోసం పుట్టినట్టుందమ్మా ఆ వేషం. తప్పకుండా రావాలి" అన్నారు.

రానని చెప్పాను. నిజానికి నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అమ్మాయికి తోడు వెళ్ళాను, తర్వాత రమేష్ సీను ఆగకూడదని వెళ్ళాను. అంతే. నాకు ఇష్టం లేదు.

పొద్దున్నుంచీ పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

ఇష్టం లేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

ఆంజనేయులు వచ్చి మిగిలిన కాయకి బేరం తెంపుకుని పోయాడు. ఈసారి మా ఆయనకి నటించే అవసరం లేకపోయింది.

మే 3, శనివారం

వడియాల పిండి కలుపుతున్నాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇవాళ శనివారం కదా, జంక్షన్‌కి వెళ్ళవా?"

"ప్రదక్షిణలు అయిపోయినయ్యండీ."

"ప్రదక్షిణలు సరే. ఆ రమేష్‌ని ఎవరు తిడతారు?"

గరిట చేతిలోంచి జారి గిన్నెలో పడింది.

ఉగాదికి ముందు ట్రాక్టర్ టైరు మార్పించడానికి జంక్షన్‌కి వెళ్ళారట. టైర్ల షాపు! ఆ షాపు సంగతే నాకు తట్టలేదు, ఎంత తెలివితక్కువదాన్నో. "పైనుంచి నీ గొంతు. ఎవడో రమేషంట, చదువు మానేశాడంట. నన్ను తిట్టే తిట్లే, ఒక్కటీ పోలా" అన్నారు.

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ అడగలేదేంటండీ?"

"టైరు బిగించడం ఎప్పుడో అయిపోయింది. నీ సీను అయ్యేదాకా నిలబడ్డా."

అడిగినదానికి అది జవాబు కాదు. అయినా ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. "ఎలా ఉంది?" అన్నాను చివరికి.

"ఏదో. పర్లేదు."

ఈయన నోట్లోంచి పర్లేదు అనే మాట రావడం ఎంత కష్టమో కాపురం చేసినదాన్ని నాకు తెలుసు. ఏడుపొచ్చేసింది. తోటలో అన్న మాట, అత్తయ్య చూసిన చూపు, అంతా చెప్పుకుని ఏడ్చాను.

"అమ్మ చెప్పిందిలే" అన్నారు. "పక్క తోట వీరయ్య పూత పడ్డ రోజు నుంచీ కాపు లేదు కాపు లేదని ఏడుస్తానే ఉన్నాడుగా. ఒక్క మంచిమాట అనలేదుగా. మరి వాడి కాయెందుకు రాలింది? గాలికి మన మాటలు వినే తీరిక ఎక్కడిదే?"

"అట్లా అయితే మీరెందుకు ఎప్పుడూ బాగుందనరు?" అని అడిగేశాను.

ఆయన చెప్పులేసుకుని తోటలోకి వెళ్ళిపోయారు.

మే 6, మంగళవారం

గుడికి వెళ్ళలేదు. నేరుగా మెట్లెక్కాను. రమేష్ ఈల వేశాడు.

మే 10, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆయనే బండి మీద దింపారు. "కింద టైర్ల షాపులో ఉంటా" అన్నారు. పైన అందరూ పెళ్ళికి వచ్చినట్టు తయారై ఉన్నారు. రమేష్ జుట్టుకి ఏదో దట్టంగా పూసుకొచ్చాడు. "ఆంటీ, నా గుండె చూడండి ఎట్టా కొట్టుకుంటుందో" అన్నాడు. నా గుండె ముందు వాడిది ఏ మూలకి!

హైదరాబాదు నుంచి వచ్చినామె పేరు ఉమ. వేషాలకి మనుషుల్ని ఎంపిక చేసేది ఆవిడేనట. చూడటానికి చిన్నపిల్ల, మా సాయి ప్రియ కంటే కాస్త పెద్దదేమో. కెమెరా పెట్టుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టి, పేరూ ఊరూ అడిగింది. "మాస్టారు మీ గురించి చాలా చెప్పారమ్మా. ఎలా చేస్తారు మీరు?" అంది.

"ఏదో అండీ, అంతంతమాత్రం. పల్లెటూరివాళ్ళం, మాకేం వస్తుంది" అన్నాను.

నేనే అన్నాను. నా నోరే. ఎదురుగా నిలబడింది కొనేవాళ్ళనుకుందో ఏమో పాడు నోరు, అలవాటు ప్రకారం అనేసింది. మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. ఉమ మర్యాదగా తలూపి, "సరేనమ్మా, అవసరమైతే కబురు చేస్తాం" అని తర్వాతి పేరు పిలిచింది. సీను కూడా చేయించలేదు.

కిందికి వచ్చాను. ఆయన పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నారు. "అప్పుడే అయిపోయిందా? ఏం అడిగారు, ఏం చెప్పావు?" అన్నారు. చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ఆంజనేయులుకి నేను చెప్పే మాట వాళ్ళకి చెప్పొచ్చావా?"

"అలవాటైపోయిందండీ."

"ఆంజనేయులు నా మాట నమ్మి కొంటన్నాడా? చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మ కొమ్మా పట్టి చూసుకుని కొంటన్నాడు. నేను లేదని ఎంత ఏడ్చినా కాయ వాడి కంటికి కనపడిద్ది. నీకు కాసింది ఆ పిల్లకి ఎట్టా కనపడిద్దే, నువ్వు చెప్పకపోతే?"

కాపురానికి వచ్చాక ఈయన నాతో ఒక్క ఊపున ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. "ఎక్కు. మళ్ళీ ఎక్కు" అన్నారు.

ఎక్కాను. లోపల ఎవరో సీను చేస్తున్నారు, అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అయ్యాక తిన్నగా వెళ్ళి ఉమ ముందు నిలబడ్డాను.

"అమ్మాయ్, ఇందాక నేను అబద్ధం చెప్పాను. నేను బాగా చేస్తాను" అన్నాను. "చాలా బాగా చేస్తాను. ఒక్కసారి చూడండి."

ఉమ నవ్వింది. "చూపించండి అయితే" అంది.

"సంతోషం సీను" అన్నాను. మాస్టారు గాభరాగా నా వంక చూశారు. తిట్ల సీను చేస్తే సరిపోయేది, అది నాకు మంచినీళ్ళ ప్రాయం. అయినా అదే అన్నాను.

రమేష్ వచ్చి నిలబడి, "అమ్మా, నాకు ఉద్యోగం వచ్చిందే" అన్నాడు. నాకు రమేష్ కనపడలేదు. పదో తరగతి రిజల్ట్ ఫోన్లో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డ పిల్ల కనపడింది. ఆ రోజు అనవలసిన మాట ఈ రోజు అన్నాను. వచ్చిందా, నాకు తెలుసు, నువ్వు సాధిస్తావని నాకు ముందే తెలుసు! కొంగుతో నోటి దాకా వచ్చిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రమేష్ మొహం రెండు చేతుల్తో పట్టుకుని నవ్వాను. కింద లారీ హారన్ కొట్టింది. ఆగలేదు, దాని మీద నుంచే నవ్వాను.

అయ్యాక ఉమ నా ఫోన్ నంబరు రాసుకుని, తప్పు లేకుండా ఉందో లేదో మళ్ళీ చదివి వినిపించింది. రమేష్ మెట్ల దాకా వచ్చి, "ఆంటీ, నిజంగానే నాకు ఉద్యోగం వచ్చిందనుకున్నా" అన్నాడు.

"బాగా చేశానండి" అన్నాను ఆయనతో. ఊఁ అన్నారు. దారిలో బండి ఆపి చెరుకురసం ఇప్పించారు.

ఇంటికి రాగానే సాయి ప్రియకి ఫోన్ చేశాను. "నువ్వు గట్టెక్కలేదే. ఫస్ట్ వచ్చావు" అన్నాను.

"ఎప్పుడు మమ్మీ?"

"పదో తరగతిలో."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

మే 13, మంగళవారం

ఫోన్ రాలేదు.

మే 17, శనివారం

రాలేదు. నేనేం ఎదురుచూడటం లేదు. ఛార్జింగ్ అయిపోకుండా పెట్టి ఉంచాను, అంతే.

మే 20, మంగళవారం

వచ్చింది! పెద్దమ్మ వేషం నాదే. వారంలో షూటింగ్.

పెరట్లోకి వెళ్ళి గట్టిగా నవ్వాను. వినేవాళ్ళు వినీ.

విన్నది అత్తయ్యే. ఆయనే దగ్గర కూర్చుని మొదటి నుంచీ అంతా చెప్పారు. "స్వామి పేరు చెప్పి తైతక్కలా? మొగుడూ పెళ్ళాం కలిసి ముసలిదాని చెవిలో పువ్వులు పెట్టారా?" అని లేచిపోయింది. "ప్రదక్షిణలు మాత్రం నిజంగానే తిరిగానత్తయ్యా" అన్నాను. వెనక్కి తిరగలేదు.

మే 26, సోమవారం

రేపు ప్రయాణం. తోడుగా ఆయనా వస్తున్నారు. అత్తయ్య ఆరు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సంచి సర్దుకుంటుంటే వచ్చి, కొత్త ఆవకాయ సీసా అందులో పెట్టింది. "వాడికి హైదరాబాదు కూడు సయించదు" అని గోడకి చెప్పి వెళ్ళింది.

మే 29, గురువారం

మూడు రోజులూ ఆయన సెట్లో ఒక మూల కుర్చీలో కండువా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అందరూ ఆయన్నే కొత్త నటుడనుకున్నారు.

జూన్ 13, శుక్రవారం

నేను టీవీలో వచ్చాను. సాయి ప్రియ హాస్టల్ నుంచి ఫోన్లో ఒకటే అరుపులు, పక్కన పిల్లల కేకలు. "నాకు కళ్ళు ఆనవు, ఏం చూస్తాలే" అన్న అత్తయ్య, నా సీను మొదలవగానే కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంది. అయిపోయాక, "చీర కుచ్చిళ్ళు సరిగ్గా లేవు" అని టీవీకి చెప్పి, లేచి వెళ్ళి పడుకుంది.

ఆయన ఏమీ అనలేదు.

జూన్ 14, శనివారం

ఆఖరి కోతకి ఆంజనేయులు వచ్చాడు. గాలికి మిగిలిన కాయ. ట్రేలు బండికెక్కిస్తూ ఆయన్ని ఆటపట్టించడం మొదలుపెట్టాడు. "రాత్రి అమ్మగారిని టీవీలో చూశామండీ, మా ఇంటిల్లిపాదీ చూశారు. ఇంతకీ ఎట్టా చేశారంటారు అమ్మగారు?"

అత్తయ్య అరుగు మీద వక్క నములుతోంది. నేను తలుపు వెనక ఉన్నాను. ఈయన ఏమంటారో నాకు తెలుసు. ఏదో కాలక్షేపం అంటారు. ఆంజనేయులు ముందు ఇన్నేళ్ళలో దేన్నీ బాగుందన్న మనిషి కాదు. అనుకుంటూనే తలుపు రెక్క గట్టిగా పట్టుకున్నాను.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. చెట్ల వంక చూశారు.

"బాగా చేసిందయ్యా" అన్నారు. ఆంజనేయులు చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. "చాలా బాగా చేసింది."

అత్తయ్య వక్క ఉమ్మేసి లేచింది. "రాజ్యం, పెరట్లోకి రా" అంది. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. వెళ్ళేసరికి నీళ్ళ పొయ్యి దగ్గర గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని నిలబడి ఉంది.

"తూర్పు మొహం పెట్టి నిలబడు."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేంటే? ఆ వెధవ వ్యాపారి ముందు నిన్ను అంతంత మాటలన్నాడు. రాత్రి ఊళ్ళో కళ్ళన్నీ నీ మీదే ఉన్నయ్. ఎండిన చెట్టువైతే పోనీలే అనుకుందును. కదలమాక!"

గుప్పెడు నా చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, వ్యాపారి దిష్టి, టీవీ దిష్టి…" ఆగి కాసేపు ఆలోచించింది. "నా దిష్టి" అంది. అని, అంతా పొయ్యిలో పడేసింది.

మిరపకాయలు చిటపటలాడాయి. "చూశావా, ఘాటే రాలా! ఎంత దిష్టి తగిలిందో!" అంది. అంటుండగానే ఆవిడ కళ్ళు ఎర్రబడి నీళ్ళు ధారలు కట్టాయి. దగ్గు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. మాస్టారు చూస్తే ఆవిణ్ణి అక్కడికక్కడే చేర్చుకునేవారు.

నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిరపకాయల ఘాటుకే.